వాన ఆపిన పందెమున గెలుపు గెలుపు కాదా?

వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికెరుక యని మన పెద్దలు చెప్పిన మాట. ఆ మాట పొలము గట్టున పుట్టినది. నేడు క్రీడారంగమునకు కూడ చక్కగా అన్వయించుచున్నది. వేలకొలది జనము గుమిగూడిన పందెము నడుమ ఒక మబ్బు వచ్చి నిలుచును. పది నిమిషములలో బాట మడుగగును. నిర్వాహకులు ఒకసారి ఆకాశము వంక, ఒకసారి గడియారము వంక చూచి, "ఇంతటితో ముగిసినది, ముందున్నవాడే విజేత" అని ప్రకటింతురు. అంతట రెండు కేకలు వినబడును. మొదటిది గెలిచినవాని పక్షము వారి జయఘోష. రెండవది ఓడినవాని పక్షము వారి ఎత్తిపొడుపు: "వాన గెలిపించినది గాని, వాడు గెలిచినాడా?"

ఆ రెండవ కేకను గూర్చియే ఈ వ్యాసము. ఆ ఎత్తిపొడుపు అన్యాయమైనదని నా వాదము. వాన వలన తరిగిన పందెములో నిందకు చోటు లేదని నేననను. చోటున్నది, కాని అది గెలిచినవాని మెడ కాదు. నియమము వ్రాసినవాడు, ఆ నియమమును తన సౌకర్యము కొలది వాడుకొన్నవాడు, సగము చూపి నిండు వెల పుచ్చుకొన్నవాడు, వీరిని విడిచి చెమటోడ్చిన ఆటగానిని నిందించుట మనకు అలవాటైనది. ఈ అలవాటును మానుకొనవలెనని చెప్పుటకే కలము పట్టితిని.

ముందు మన ముంగిటి సంగతి చూతము. బెంగుళూరు వేసవి సాయంకాలపు జడివాన ఎరుగనివారు మనలో లేరు. మధ్యాహ్నమంతయు ఎండ కాసి, దీపాల వేళకు ఉరిమి కురిసి, చిక్కపేట సందులలోని వర్తకులు గుడ్డల మూటలను పై మెట్లకు ఎక్కించుకొనునట్లు చేయు వాన అది. ఆ వానయే చిన్నస్వామి క్రీడారంగమున ఆటలను తుంచుచుండును. 2025 ఏప్రిల్ 18వ తేదీన అక్కడ బెంగుళూరు జట్టునకును పంజాబు జట్టునకును జరిగిన ఆటను 20 ఓవర్ల నుండి 14 ఓవర్లకు కుదించిరి. బెంగుళూరు వారు తొమ్మిది వికెట్లు పోగొట్టుకొని 95 పరుగులు చేసిరి. పంజాబు వారు ఐదు వికెట్లకే, ఇంకను 11 బంతులు మిగిలియుండగనే, గెలిచిరి. మరునాడు మన వీధులలో వినవచ్చిన మాట ఏమి? "పదునాలుగు ఓవర్ల ఆట కూడ ఒక ఆటయేనా?"

ఆ ప్రశ్న అడిగినవారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుదును. 2016 మే 18వ తేదీన అదే క్రీడారంగమున, అదే పంజాబు జట్టుతో, అదే వాన వలన ఆట 15 ఓవర్లకు తగ్గినది. నాడు విరాట్ కోహ్లీ 50 బంతులలో 113 పరుగులు చేసెను. బెంగుళూరు జట్టు 82 పరుగుల తేడాతో గెలిచెను. ఆ శతకమును వాన శతకమని ఎవరైన అనిరా? ఆ గెలుపును సగము గెలుపని ఎవరైన ఎత్తిపొడిచిరా? బాణసంచా కాల్చిరి. 15 ఓవర్లు ఆటయై, 14 ఓవర్లు ఆట కాకపోవుటకు ఆ ఒక్క ఓవరులో నున్న మహిమ ఏమో నాకు బోధపడలేదు.

మన తెలుగు ఇండ్లలో ఈ తగవు మరింత చిత్రముగా నుండును. మనకు ఊరు బెంగుళూరు, భాష తెలుగు. కాబట్టి ఒకే ఇంట తండ్రి హైదరాబాదు పక్షము, కుమారుడు బెంగుళూరు పక్షము. 2015 మే 15వ తేదీన హైదరాబాదు నగరమున ఈ రెండు జట్లకు పోటీ జరిగినది. వాన వలన తగ్గించిన ఆటలో హైదరాబాదు వారు 11 ఓవర్లకు 135 పరుగులు చేసిరి. పిదప వాన మరల కురిసినది. లెక్క తిరుగవేసి, బెంగుళూరు వారు 6 ఓవర్లలో 81 పరుగులు చేయవలెనని నిర్ణయించిరి. వారు ఒక్క బంతి మిగిలియుండగా ఆ లెక్క చెల్లించిరి. నాడు తండ్రులు "ఇది లెక్కల గారడి" అనిరి. కుమారులు "నిబంధన నిబంధనయే" అనిరి. పది సంవత్సరములు గడచి పంజాబు చేతిలో ఓడినప్పుడు ఆ కుమారులే నిబంధనను దూషించిరి. దీనిని బట్టి తెలియునదేమి? మనకు కోపము వానపై కాదు, నిబంధనపై కాదు, ఓటమిపై. ఓటమిపై కోపము సహజమే. దానికి న్యాయమను ముసుగు వేయుట తగదు.

ఇక క్రికెట్టును విడిచి, ఈ ప్రశ్న మరింత తీవ్రముగా లేచు మరియొక పోటీని చూతము. మన పేట కుటుంబములలో అనేకుల పిల్లలు నేడు అమెరికాలో ఉన్నారు. ఉత్తర కరోలినా రాష్ట్రమందలి షార్లట్ నగర ప్రాంతమున తెలుగువారు పెక్కురు నివసించుచున్నారు. ఆ ప్రాంతము స్టాక్ కార్ల పందెములకు పుట్టినిల్లు వంటిది. స్టాక్ కారు అనగా పైకి అంగడిలో అమ్ము కారు వలె కనబడుచు, లోపల పందెమునకై కట్టబడిన బండి. 1948లో స్థాపింపబడిన నాస్కార్ అను సంస్థ ఈ పందెములను నడుపుచున్నది. బండ్లు చాలభాగము కోడిగ్రుడ్డు ఆకారపు బాటపై గుండ్రముగా తిరుగుచుండును. మలుపుల వద్ద బాట ఇంటి కప్పు వలె ఏటవాలుగా నుండును. డేటోనా అను ప్రసిద్ధమైన బాటపై ఆ వాలు 31 డిగ్రీలు.

వాన పడినచో ఈ పందెము ఏల ఆగవలెనని కొందరడుగుదురు. కారణము టైరులో నున్నది. మన కారు టైరుపై గాడులుండును. నీరు ఆ గాడుల గుండ బయటికి పోవును. పందెపు టైరు నున్నగా నుండును. ఎండిన బాటను గట్టిగా పట్టుటకే దానిని అట్లు చేసిరి. తడిబాటపై ఆ నునుపే శత్రువగును. గంటకు 180 మైళ్లకు మించిన వేగమున, వాలుబాటపై, నీటి పొరమీద నున్నని టైరు నిలువదు. గాడుల టైర్లతో తడిబాటపై నడుపు పద్ధతి కొన్ని చిన్న బాటలపై ఇటీవల వచ్చినది. 2024లో రిచ్మండ్ నగరమున అట్లే పందెము మొదలిడిరి. పెద్ద బాటలపై మాత్రము వాన వచ్చినచో బండ్లను నిలుపుట తప్ప గతి లేదు. కనుక ఆ సంస్థ ఒక నియమము చేసికొన్నది: పందెము సగము దాటిన పిమ్మట వాన వలన ఆగినచో, అది పూర్తియైన పందెముగనే పరిగణింపబడును, అప్పుడు ముందున్నవాడే విజేత.

ఈ నియమము వలన గెలిచినవారు సామాన్యులు కారు. డేటోనా బాటపై ఏటేట జరుగు 500 మైళ్ల పందెము 200 చుట్లు. 1965లో అది 133 చుట్లతో ముగిసినది. విజేత ఫ్రెడ్ లోరెన్జెన్. 1966లో రెండు చుట్లు మాత్రమే మిగిలియుండగా నిలిచినది. విజేత రిచర్డ్ పెట్టీ. 2003లో 109 చుట్లకే సరిపుచ్చిరి. విజేత మైకేల్ వాల్ట్రిప్. 2009లో 152 చుట్లు. విజేత మాట్ కెన్సెత్. ఈ నలుగురిని వాన విజేతలని త్రోసివేయుదమా? రిచర్డ్ పెట్టీ ఆ పందెమును తన జీవితమున ఏడుమార్లు గెలిచినవాడు. వాల్ట్రిప్ అంతకు రెండేండ్ల ముందు, 2001లో, నిండు పందెమును గెలిచియుండెను.

కెన్సెత్ సంగతి మరింత వినదగినది. 2009లో వానకు ముందు కొలది క్షణములలో ముందున్న బండిని దాటి మొదటి స్థానమునకు వచ్చెను. "అదృష్టము" అనిరి జనులు. 2012లో అదే డేటోనా పందెము వాన వలన ఆదివారము జరుగక సోమవారము రాత్రికి వాయిదాపడెను. నడుమ ఒక బండి పోయి, బాటను శుభ్రపరచి ఆరబెట్టు యంత్రపు బండిని ఢీకొనగా మంటలు లేచి, పందెము రెండు గంటల సేపు నిలిచిపోయెను. అయినను నిర్వాహకులు ఓపిక పట్టి, 200 చుట్లకు మారుగా 202 చుట్లు నడిపి ముగించిరి. విజేత ఎవరు? ఆ కెన్సెత్తే. వానకు గెలిచినవాడని నవ్వినవారికి ఇంతకంటె సమాధానమేమి కావలెను?

"అది సరే, సగము పరీక్ష వ్రాసినవానికి పూర్తి మార్కులిత్తురా?" అని మెట్రిక్యులేషను మాత్రమే చదివిన నన్ను ఒక పట్టభద్రుడైన యువకుడు అడిగెను. అతనికి చెప్పిన సమాధానమే ఇక్కడ వ్రాయుచున్నాను. పరీక్ష మూడు గంటలని చెప్పి, హఠాత్తుగా గంటన్నరకు కాగితములు లాగుకొన్నచో అది అన్యాయము. "వాన రావచ్చును; సగము దాటిన పిమ్మట ఏ క్షణముననైన కాగితములు తీసికొందుము" అని ముందే చెప్పియున్నచో, తెలివిగల విద్యార్థి ఏమి చేయును? తనకు బాగుగ వచ్చిన సమాధానములు ముందు వ్రాయును. పందెగాండ్రు చేయునది సరిగా ఇదియే. వారి అధికారులు మబ్బుల పటమును చూచుచుందురు. ఇంధనము తీసికొనుటకు ఆగుదమా, ఆగక ముందుకు పోవుదమా అని క్షణక్షణము తూకము వేయుచుందురు. 2009 షార్లట్ పందెములో డేవిడ్ రాయిటిమన్ అట్లే చేసెను. ఇతరులు ఇంధనమునకును టైర్లకును ప్రక్కకు తిరుగగా, అతడు తిరుగక బాటపై నిలిచెను. 227 చుట్లకు వాన పందెమును ముగించెను, అతడు గెలిచెను. వాన రాకున్నచో అతడు ఇంధనమునకు ఆగి వెనుకబడియుండెడివాడు. ఆ నష్టమునకు సిద్ధపడియే నిలిచెను. సిద్ధపడనివారు అతనిని చూచి నవ్విరి. మరుసటి సంవత్సరము చికాగో పందెమును అతడు నిండు దూరము నడిపి గెలిచెను. వాన అందరిపై సమముగా కురిసినది; నియమము అందరికి సమముగా తెలిసినది. ఆ రెండింటిని లెక్కలోనికి తీసికొన్నవాడు గెలిచినచో అది అదృష్టమెట్లగును?

ఇంతవరకు గెలిచినవాని పక్షమున మాటలాడితిని. ఇక నిర్వాహకుల లెక్క చూతము. నియమము ముందు చెప్పుట ఒక్కటియే చాలదు; ఆ నియమము న్యాయమైన కొలతగా నుండవలెను. దీనికి క్రికెట్టు చరిత్రలో మరపురాని దృష్టాంతము 1992 మార్చి 22వ తేదీన సిడ్నీ నగరమున జరిగిన ప్రపంచకప్ సెమీఫైనలు. దక్షిణాఫ్రికా వారికి 13 బంతులలో 22 పరుగులు కావలసియుండగా చినుకులు పడి ఆట నిలిచినది. తిరిగి మొదలిడునప్పటికి నాటి నియమము ప్రకారము ఒక్క బంతిలో 21 పరుగులు చేయవలెనని తేలినది! నియమము అచ్చువేయబడినదే; అందరు అంగీకరించినదే. అయినను దానిని చూచి లోకమంతయు నవ్వినది. ఆ నవ్వు ఊరక పోలేదు. డక్‌వర్త్, లూయిస్ అను ఇద్దరు ఆంగ్లేయుల గణితము 1997 నుండి అమలులోనికి వచ్చుటకు అదియే దారి చేసినది. మిగిలిన ఓవర్లను, మిగిలిన వికెట్లను కలిపి తూచు ఆ పద్ధతిలో లోపములుండవచ్చును. అది కొలత యనిపించుకొనును.

కొలత కాని కొలతకు రెండవ ఉదాహరణము 2021 ఆగస్టు 29వ తేదీన బెల్జియము దేశమున స్పా అను చోట జరిగిన ఫార్ములా వన్ పందెము. నాడు వాన రోజంతయు విడువలేదు. సాయంకాలమునకు బండ్లను రక్షకవాహనము వెంట వరుసగా ఊరేగింపు వలె నడిపించి, కొలది చుట్లకే నిలిపిరి. ఒకరినొకరు దాటుట నిషిద్ధము. ఫలితము ఒక్క చుట్టు లెక్కన నిర్ణయించి, విజేతకును తక్కినవారికిని సగము పాయింట్లు పంచిరి. పందెమే జరుగనిది, దాని ఫలితము మాత్రము జరిగినది! ఆ సగము పాయింటు సంవత్సరాంతమున మాక్స్ వెర్‌స్టాపెన్ మొత్తము 395.5 లో అర పాయింటుగా నేటికిని కనబడుచునే యున్నది. జనము తడిసి, వణకి, ఏమియు చూడక ఇండ్లకు పోయిరి. అనంతరము ఆ సంస్థయే నియమమును దిద్దుకొన్నది. రక్షకవాహనము లేకుండ కనీసము రెండు చుట్లు నడిచిననే పాయింట్లు. దూరము కొలది పాయింట్ల మెట్లు. దిద్దుకొనుట మెచ్చదగినదే. కాని ఇంత చిన్న న్యాయము తోచుటకు వేలమందిని తడుపవలసి వచ్చెనా?

చిక్కపేటలో పుట్టి పెరిగినవానికి ఈ న్యాయము చెప్పనక్కరలేదు. దొడ్డపేట, చిక్కపేటలు కలియు కూడలి నుండి కెంపేగౌడుడు నాలుగు దిక్కులకు నాలుగు నాగళ్లు తోలించి, ఎద్దులు ఆగిన మేరకు వీధులు నిర్ణయించెనని కథ చెప్పుకొందురు. కథలోని నీతి యేమి? గీత ముందు, కట్టడము తరువాత. ఈ పేట వర్తకము కూడ అట్లే నిలిచినది. ఆరు గజముల చీరెకు సొమ్ము పుచ్చుకొని మూడు గజములు చించి యిచ్చి, "వాన వచ్చినది, ఇంతటితో సరిపెట్టుకొనుడు" అను వర్తకుని అంగడి వారము దినములు తెరచియుండునా? చిరిగిన గుడ్డను చిరిగిన గుడ్డ ధరకే అమ్ముదురు. అది మంచి గుడ్డయే కావచ్చును. మూడు గజములును నిక్కమైన పట్టే కావచ్చును. అది ఆరు గజములు మాత్రము కాదు.

మన పల్లెటూళ్ల బండలాగుడు పందెములలో కూడ ఈ వివేకము కలదు. ఎడ్లజతకు ఇంత కాలమని నియమింతురు. ఆ కాలములో బండను ఎన్ని అడుగులు లాగినవో టేపు పట్టి కొలుతురు. ఎవరి శ్రమ ఎంతయో అడుగులలో తేలిపోవును. "ఈ జత బాగుగ లాగునట్లున్నది, దీనికే బహుమతి" అని ఎవరును చెప్పరు. చదువురాని రైతు ఎరిగిన ఈ కొలతను కోట్ల రూపాయల పందెములు నడుపువారు ఏల మరతురు?

ఇప్పుడు 2024 మే 26వ తేదీనాటి షార్లట్ పందెమునకు వత్తును. ఈ వ్యాసమునకు ప్రేరణ అదియే. ఆ పందెము 600 మైళ్లు. ఒకటిన్నర మైలు బాటపై 400 చుట్లు. నాస్కార్ పందెములన్నిటిలో దీర్ఘమైనది. దాని పేరే దాని దూరము. అదే దినమున కైల్ లార్సన్ అను పందెగాడు వందల మైళ్ల దూరమందలి ఇండియానాపొలిస్ నగరమున 500 మైళ్ల పందెములో పాల్గొని, పిదప విమానముపై షార్లట్ చేరి ఈ పందెమును కూడ నడుపవలెనని సంకల్పించెను. ఇండియానాపొలిస్‌లో వాన వలన పందెము నాలుగు గంటలు ఆలస్యముగా మొదలైనది. లార్సన్ దానిని ముగించి, పదునెనిమిదవవాడై, పరుగుపరుగున షార్లట్ చేరునప్పటికి, అతనికి మారుగా జస్టిన్ ఆల్‌గైర్ అతని బండిని నడుపుచుండెను. సరిగా ఆ వేళకే అక్కడను వాన మొదలై 249వ చుట్టు వద్ద పందెము నిలిచినది. లార్సన్ పందెపు దుస్తులలో బండి ప్రక్కన నిలిచెను. వాన తగ్గినది. బాట ఆరబెట్టుట మొదలైనది. అర్ధరాత్రి సమీపించుచుండగా, గాలిలో తేమ అధికమని, బాట ఆరుటకు చాల సేపు పట్టునని చెప్పి, పందెమును ముగించిరి. క్రిస్టఫర్ బెల్ విజేత. లార్సన్ ఒక్క చుట్టయినను తిరుగలేదు.

బెల్ గెలుపును నేను నిండు గెలుపే అందును. ఆ రాత్రి అందరికంటె ఎక్కువ చుట్లు ముందు నడిచినవాడతడే. అతనిని వెక్కిరించినవారు పొరబడిరి. నేనడుగునది నిర్వాహకులను. 249 చుట్లనగా 373.5 మైళ్లు. 600 మైళ్ల పందెమని ప్రకటించి అమ్మిన టిక్కెట్టుకు 226.5 మైళ్లు బాకీ. గుమాస్తా పుస్తకములో ఈ బాకీ ఏ పద్దు క్రింద వ్రాయవలెను? మరుసటి దినము సోమవారము. అక్కడ జాతీయ సెలవు దినము. అంతకు ముందటి సంవత్సరము, 2023లో, ఇదే పందెము ఆదివారము వాన వలన మొదలు కాకపోగా, ఆ సెలవు సోమవారమునకే వాయిదా వేసి, నాలుగు వందల చుట్లు నిండుగా నడిపిరి. మొదలు కాని పందెమునకు సోమవారము దొరికినది. సగము దాటిన పందెమునకు దొరకలేదు. మొదలు కానిచో టిక్కెట్టు ఇంకను చెల్లలేదు; సగము దాటినచో చెల్లినది. ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచు సామాన్యునికి ఏమి తోచును? ఓపిక ధర్మమును బట్టి కాక సొమ్మును బట్టి నడచినదని తోచినచో అది అతని తప్పా? "నియమము అనుమతించినది" అని వారందురు. నిజమే. ఆపవచ్చునని నియమము చెప్పినది. ఆపి తీరవలెనని చెప్పలేదు. ఆ "వచ్చును" అను మాటలో అధికారి మనస్సు బయటపడును. ముప్పది యేండ్లు ఫైళ్ల నడుమ గడపినవాడను గనుక ఈ మాట గట్టిగా చెప్పగలను.

మన ఊరిని కూడ చూతము. చిన్నస్వామి క్రీడారంగమున 2017లో నేల క్రింద గొట్టములమర్చి నీటిని వేగముగా లాగివేయు ఏర్పాటు చేసిరి. ఇది ఆటను పూర్తిగా జరిపించుటకై చేసిన ప్రయత్నము, మెచ్చదగినది. 2025 మే 17వ తేదీన కలకత్తా జట్టుతో జరుగవలసిన ఆట మాత్రము ఆ యంత్రమునకును లొంగని వానలో ఒక్క బంతియు పడకయే రద్దయినది. టిక్కెట్ల సొమ్ము తిరిగి యిత్తుమని ప్రకటించిరి. ఆ తరువాత 23వ తేదీన హైదరాబాదు జట్టుతో ఇక్కడ జరుగవలసిన ఆటను వానకు జంకి లక్నో నగరమునకు తరలించిరి. ఒక్క బంతియు పడనిచో సొమ్ము వాపసు. ఐదేసి ఓవర్లు పడినచో ఆట పూర్తి. ఈ రెండింటి నడుమ మరి మెట్టు లేదా? 20 ఓవర్లకు వెల పెట్టి 5 ఓవర్లు చూచినవానికి వెలలో కొంత భాగమైనను తిరిగి యిచ్చుట అసాధ్యమా? పాయింట్లను దూరము కొలది పంచుటకు మెట్లు కట్టగలిగినవారు, సొమ్మును తిరిగి యిచ్చుటకు మెట్లు కట్టలేరా?

ఇవి దూరపు సంగతులు, ధనికుల పందెములు, మనకేల యని కొందరందురు. మనకే కావలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంఘము వారు, పేరు చెప్ప పనిలేదు, ఉగాది సందర్భమున బాలురకు పది చుట్ల సైకిలు పందెము పెట్టిరి. చుట్ల లెక్క వ్రాయు పని నాకిచ్చిరి. ఎనిమిదవ చుట్టు ముగియుసరికి వడగండ్ల వాన పడినది. ముందున్న బాలుడు దర్జీపని చేయువాని కుమారుడు. రెండవవానికంటె అరచుట్టు ముందుండెను. పెద్దలు పందిరి క్రింద చేరి వాదించుకొనిరి. బహుమతి యిచ్చి వేయుదమని ఇద్దరు, ఇది పందెమే కాదని నలుగురు. తుదకు వచ్చు ఆదివారము తిరిగి పెట్టిరి. ఆ ఆదివారమున బాలుని సైకిలు గొలుసు ఊడినది, మూడవవాడయ్యెను. బాలుని తండ్రి నెమ్మదిగా వచ్చి, "అయ్యా, వాన వస్తే ఏమి చేయాలని మీ కాగితంలో ఉంది?" అని అడిగెను. కాగితములో ఏమియు లేదు. ఎవరికిని ఆ బాలునిపై ద్వేషము లేదు. ఎవరును లంచము తినలేదు. నియమము లేకపోవుట ఒక్కటియే చాలినది. మరుసటి ఉగాదికి ఆ బాలుడు రాలేదు, తండ్రియు రాలేదు. ఒక కుటుంబము సంఘమునకు దూరమైనది.

ఈ నష్టము చిన్నదని నేననుకొనను. మనము ఈ ఊరిలో తరతరములుగా స్థిరపడినవారము; అయినను సంఖ్యలో అల్పులము. అల్పసంఖ్యాకులకు కండబలము లేదు, ఓటుబలము కొద్ది. వారికి రక్ష ఒక్కటే: ముందుగా వ్రాసి, అందరికి చదివి వినిపించి, అందరికి ఒకే తీరున అమలుపరచు నియమము. నడుమ మార్చిన నియమము వలన మొదట నష్టపోవునది ఎల్లప్పుడు ఎవరి అండయు లేనివాడే. అట్టి మనము, మన లోపల మనమే, ముఖములు చూచి తీర్పు చెప్పుకొన్నచో, బయటివారిని న్యాయమడుగుటకు ఏ మొగముతో పోవుదుము?

కనుక మన సంఘమువారు ఇకమీద నిర్వహించు ప్రతి పోటీకి ఈ క్రింది సంగతులు పాటింపవలెనని నా ప్రార్థన. పోటీకి ముందే, వాన గాని మరియే ఆటంకము గాని వచ్చినచో ఎంత భాగము జరిగిన పోటీ పూర్తియైనట్లో వ్రాసి, తెలుగునను కన్నడమునను చదివి వినిపింపవలెను. ఆ మేరకు జరుగనిది పోటీ కాదు. దానికి ఫలితము ప్రకటింపరాదు. ఆ మేర దాటిన పిమ్మట కూడ, ఆపుట అపాయము కొరకే గాని ఆలస్యమైనదనియు, అతిథి వెళ్లవలసియున్నదనియు ఆపరాదు. ఆపిన కారణమును పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. ప్రవేశ రుసుము పుచ్చుకొన్నచో, జరుగని భాగమునకు తగిన సొమ్ము తిరిగి యియ్యవలెను. అప్పుడు గెలిచినవానిని నిండు మనస్సుతో, నిండు చప్పట్లతో గౌరవింపవలెను. వాన మాట ఎత్తరాదు.

ఈ నియమములు కఠినములని తోచినవారు తమ అభిప్రాయములను వచ్చు సర్వసభ్య సమావేశమున తెలుపుదురు గాక. ఆక్షేపణ ఏదైనను ఇప్పుడే, ఆకాశము నిర్మలముగా నున్నప్పుడే, చెప్పుట మంచిది. చినుకులు మొదలైన పిమ్మట చేయు వాదము న్యాయము కొరకు కాదు, తనవాని కొరకే యగును.